మెల్‌బోర్న్ వెళ్లాక సముద్రం పక్కన రోడ్ ట్రిప్: కారా, బస్సా, అసలు ఏ తీరం?

ఫిబ్రవరి ఇన్‌టేక్‌కి మెల్‌బోర్న్ వెళ్లే పిల్లలు కూకట్‌పల్లిలోని మా ఇంటికి వచ్చినప్పుడు అడిగే ప్రశ్నలు పెద్దగా మారవు. రూమ్ ఏ ఏరియాలో చూసుకోవాలి, పార్ట్‌టైమ్ దొరుకుతుందా, కుక్కర్ ఇక్కణ్నుంచే పట్టుకెళ్లాలా. ఇవన్నీ అయ్యాక, చెప్పులేసుకునే ముందు ఎవరో ఒకరు ఫోన్ తీసి గ్రేట్ ఓషన్ రోడ్ ఫోటో చూపిస్తారు. నీళ్లలో నిటారుగా నిలబడ్డ పసుపు రాళ్లు, కొండ అంచున మెలికలు తిరిగిన రోడ్డు. "అక్కా, మిడ్ సెమ్ బ్రేక్‌లో గ్యాంగంతా ఇక్కడికి పోదామనుకుంటున్నం. కారు తీసుకోవాల్నా, టూర్ బస్సా?"

సముద్రం చూడాలంటే రాత్రంతా ప్రయాణం చేసి సూర్యలంక దాకా పోవాల్సిన ఊరు మనది. అందుకే తీరం అనగానే మనకో ఆత్రం. ఆ ఆత్రంలో ముందు రోడ్డు ఎంచుకుంటాం, తర్వాత బండి చూస్తాం, డ్రైవర్ సంగతి ఆఖర్న గుర్తొస్తుంది. నా సలహా దీనికి తలకిందులు. ముందు డ్రైవర్ తేలాలి. మీ గ్రూపులో స్టీరింగ్ ఎవరెవరి చేతిలో పెట్టొచ్చో తేలితే బండి తేలుతుంది, బండి తేలితే ఏ తీరమో దానంతటదే తేలుతుంది.

లైసెన్స్ ఉన్నంత మాత్రాన కారు ఇవ్వరు

ఆస్ట్రేలియాలోనూ మనలాగే రోడ్డుకు ఎడమవైపు నడపాలి, స్టీరింగ్ కుడివైపే. అమెరికా వెళ్లిన మీ ఫ్రెండ్స్‌కి లేని సౌకర్యం ఇది. అది చూసి "ఏముంది, ఓఆర్ఆర్ మీద నడిపినోణ్నే కదా" అనుకున్నవాళ్లు అద్దె కారు కౌంటర్ దగ్గరే ఆగిపోతారు. చాలా కంపెనీలు 21 ఏళ్లు నిండనివాళ్లకు కారు ఇవ్వవు. 21 నుంచి 25 లోపు వయసుంటే ఇస్తాయి గానీ రోజుకింత అని అదనంగా వసూలు చేస్తాయి. లైసెన్స్ తీసుకుని కనీసం ఏడాది అయి ఉండాలని అడిగేవే ఎక్కువ. బీటెక్ అవ్వగానే వెళ్లే పిల్లల వయసు సరిగ్గా 21, 22 ఉంటుంది. ఫ్లైట్‌కి రెండు నెలల ముందు హడావిడిగా తెచ్చుకున్న లైసెన్స్ మొదటి సెమిస్టర్ ట్రిప్‌కి పనికిరాకపోవచ్చు.

కాబట్టి ఇంకా ఫైనలియర్‌లో ఉన్నవాళ్లు ఇప్పుడే ఎల్‌ఎల్‌ఆర్ తీసుకోండి. అది వచ్చాక 30 రోజులు ఆగి పర్మనెంట్ లైసెన్స్ టెస్ట్‌కి వెళ్లొచ్చు. ఎల్‌ఎల్‌ఆర్ ఆరు నెలలే చెల్లుతుంది కాబట్టి ఆ లోపే వెళ్లాలి. ఏజెంట్‌కి డబ్బులిచ్చి, కారు గేరు ఎటు పడుతుందో కూడా తెలియకుండా లైసెన్స్ జేబులో పెట్టుకున్నవాళ్లు మన దగ్గర తక్కువేం లేరు. అలాంటివాళ్లు మీ గ్యాంగ్‌లో ఉంటే పాటలు పెట్టే డ్యూటీ ఇవ్వండి, డ్రైవర్ల లెక్కలోకి మాత్రం తీసుకోకండి.

ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ గురించి అందరికీ అనుమానమే. ఫారం 4ఏ, పాస్‌పోర్ట్, వీసా కాపీలు, ఫీజు 1000 రూపాయలు, పైన సర్వీస్ చార్జీలు. ఏడాది చెల్లుతుంది. మన లైసెన్స్ ఇంగ్లిష్‌లోనే ఉంటుంది కాబట్టి మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా రాష్ట్రంలో చట్టం ప్రకారం ఈ పర్మిట్ తప్పనిసరేం కాదు. అయినా కౌంటర్‌లో అడిగే కంపెనీలు ఉన్నాయి, అక్కడికెళ్లాక ఇక్కడి ఆర్టీఏతో పని చేయించుకోవడం పెద్ద తలనొప్పి. వీసా రాగానే తీసేసుకోండి. పర్మిట్ ఒక్కటే జేబులో ఉంటే చాలదు, అసలు లైసెన్స్ కార్డు కూడా పక్కనే ఉండాలి.

చాలామందికి తెలియనిది ఇంకొకటి ఉంది. 2019 అక్టోబర్ చివరి నుంచి విక్టోరియాలో స్టూడెంట్ వీసా లాంటి టెంపరరీ వీసా మీద ఉన్నవాళ్లు విదేశీ లైసెన్స్‌తో ఆరు నెలల వరకే నడపాలి. ఆ తర్వాత అక్కడి లైసెన్స్ కావాలి. మన లైసెన్స్‌ను చూసి నేరుగా మార్చివ్వరు. రూల్స్ టెస్ట్, రోడ్డు మీద ప్రమాదాన్ని ముందే పసిగడతారా అని కంప్యూటర్ మీద పెట్టే హజార్డ్ టెస్ట్, ఆపైన డ్రైవ్ టెస్ట్ పాసవ్వాలి. లెక్క చూసుకోండి: ఫిబ్రవరిలో దిగినవాళ్లు ఈస్టర్ బ్రేక్‌లో హైదరాబాద్ లైసెన్స్‌తో హాయిగా నడపొచ్చు. అదే ట్రిప్‌ని సెప్టెంబర్ బ్రేక్‌కి వాయిదా వేస్తే అదే కార్డుతో నడపడం నేరం, యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ కూడా రాదు.

ఇక మనుషుల లెక్క. ఐదు సీట్ల కారులో ఐదుగురే. "ఆరుగురం ఉన్నాం, వెనక అడ్జస్ట్ అవుదాం" అనే మాట అక్కడ నడవదు. వెనక సీట్లో కూడా బెల్ట్ తప్పనిసరి, ముందు సీట్లవాళ్లు బెల్ట్ పెట్టుకోలేదని, డ్రైవర్ చేతిలో ఫోన్ ఉందని పట్టుకునే కెమెరాలు రోడ్ల మీద ఉన్నాయి. నన్నడిగితే ఐదుగురు కూడా ఎక్కువే. మెలికల రోడ్డులో వెనక సీటు మధ్యలో కూర్చున్నవాళ్లకు గంటలో కడుపులో తిప్పుతుంది. నలుగురు, అందులో నమ్మకంగా నడిపేవాళ్లు ఇద్దరు. స్టూడెంట్ గ్యాంగ్‌కి ఇంతకు మించిన కూర్పు లేదు. ఎనిమిది మంది ఉంటే రెండు కార్లు, నలుగురు డ్రైవర్లు కావాలి. అంతమంది డ్రైవర్లు లేకపోతే బస్సు గురించి ఆలోచించడంలో చిన్నతనమేం లేదు.

ఏ తీరం?

మెల్‌బోర్న్ ఊరు పోర్ట్ ఫిలిప్ అనే పెద్ద అఖాతం పైకొసన ఉంటుంది. అక్కణ్నుంచి నైరుతిగా పోతే గ్రేట్ ఓషన్ రోడ్. దక్షిణంగా పోతే మార్నింగ్టన్ పెనిన్సులా, ఆగ్నేయంగా ఫిలిప్ ఐలండ్, ఇంకా ముందుకు పోతే విల్సన్స్ ప్రామంటరీ. పేరు గొప్పగా ఉందని అందరూ మొదటిదాని మీదే పడతారు గానీ, డ్రైవర్ లేని గ్రూపుకు మార్నింగ్టన్ మంచి ఎంపిక. ఫ్రాంక్‌స్టన్ దాకా లోకల్ ట్రైన్, అక్కణ్నుంచి 788 నంబర్ బస్సు సొరెంటో మీదుగా పోర్ట్‌సీ వరకు పోతుంది. అఖాతం వైపు నీళ్లు కాస్త నెమ్మదిగా ఉంటాయి. సొరెంటో నుంచి ఎదుటి ఒడ్డున ఉన్న క్వీన్స్‌క్లిఫ్‌కి 40 నిమిషాల ఫెర్రీ ఉంది, కార్లు కూడా ఎక్కించుకుంటుంది. దిగిన మొదటి నెలలో, ఇంకా జాబ్ దొరకని ఒక ఆదివారానికి సరిగ్గా సరిపోయే ట్రిప్ ఇది.

ఫిలిప్ ఐలండ్ సుమారు 140 కి.మీ., రెండు గంటల దారి. అందరూ పోయేది పెంగ్విన్ల కోసం. పొద్దుగూకగానే చిన్న చిన్న పెంగ్విన్లు సముద్రంలోంచి గుంపులుగా బయటికొచ్చి ఇసుకలో గూళ్లకు నడుస్తాయి. చూడటానికి టికెట్ ఉంటుంది, ఫోటోలు తీయనివ్వరు. ఇందులో ఒక మెలిక ఉంది. పెంగ్విన్లు వచ్చేదే చీకటి పడే వేళకు, ఎండాకాలంలో అయితే రాత్రి తొమ్మిదవుతుంది. అంటే అలసిపోయిన మీ డ్రైవర్ ఆ తర్వాత రెండు గంటలు చీకట్లో నడపాలి. ఒకే డ్రైవర్ ఉంటే ఆ రాత్రి అక్కడే ఉండండి, లేదా టూర్ బస్సులో వెళ్లండి. పగలు మాత్రమే తిరిగి పెంగ్విన్లను వదిలేసి వస్తే ఫిలిప్ ఐలండ్‌కి పోయిన అర్థం సగం పోతుంది.

విల్సన్స్ ప్రామంటరీ నాకు అన్నింటికన్నా ఇష్టం. నేషనల్ పార్క్, లోపలికి ఎంట్రీ ఫీజు లేదు. స్క్వీకీ బీచ్‌లో ఇసుక మీద నడిస్తే కాలి కింద కిచకిచమంటుంది, గుండ్రటి క్వార్ట్జ్ రేణువుల వల్ల. సాయంత్రం వాంబాట్లు (పొట్టి కాళ్లతో బొద్దుగా ఉండే జంతువులు) క్యాంపు చుట్టూ గడ్డి మేస్తూ తిరుగుతాయి. కానీ ఇది నడిచేవాళ్ల చోటు. కారు లేకుండా చేరడం కుదరదు, ఒక వైపే దాదాపు మూడు గంటలు. టైడల్ రివర్ దగ్గర ఉన్న చిన్న స్టోర్ తప్ప లోపల ఏమీ దొరకదు. మీ గ్యాంగ్‌లో సగం మంది చెప్పుల మీద, రీల్స్ కోసం వచ్చేవాళ్లయితే వద్దు.

ఇక సిడ్నీ నుంచి మెల్‌బోర్న్ దాకా తీరం వెంట నడిపేద్దామనే ప్లాన్ ప్రతి బ్యాచ్‌లో ఎవరో ఒకరు తెస్తారు. ప్రిన్సెస్ హైవే మీద వెయ్యి కి.మీ. పైమాటే. కారు ఒక ఊళ్లో తీసుకుని ఇంకో ఊళ్లో వదిలితే విడిగా ఫీజు పడుతుంది. కనీసం మూడు రాత్రుల బస. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిన సామెతలా, మొదటి ట్రిప్‌కే ఇది పెట్టుకోకండి. రెండో ఏడాదిలో, అక్కడి లైసెన్స్ చేతికొచ్చాక చూసుకోవచ్చు.

గ్రేట్ ఓషన్ రోడ్డుకే పోతాం అంటే

మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సుమారు 3000 మంది సైనికులు 1919 నుంచి 1932 దాకా పలుగు, పారలతో కొండను తొలిచి వేసిన రోడ్డు ఇది. యుద్ధంలో చనిపోయిన తోటివాళ్ల స్మారకంగా కట్టారు. ఈస్టర్న్ వ్యూ దగ్గర రోడ్డు మీద అడ్డంగా కనిపించే చెక్క తోరణం అందుకే. టార్కీ నుంచి అలన్స్‌ఫర్డ్ వరకు 240 కి.మీ. పైచిలుకు.

ఫోన్‌లో చూపించే ఆ రాళ్లు, ట్వెల్వ్ అపోసల్స్, ఈ రోడ్డు మొదట్లో ఉన్నాయని చాలామంది అనుకుంటారు. ఉన్నది దాదాపు చివర్లో. తీరం వెంట పోతే మెల్‌బోర్న్ నుంచి 280 కి.మీ. దాకా అవుతుంది, ఎక్కడా ఆగకపోయినా నాలుగున్నర, ఐదు గంటలు. కొలాక్ మీదుగా లోపలి హైవేలో పోతే 230 కి.మీ. అటూ ఇటూ, మూడు గంటల్లోపే. ఈ రెండు అంకెల తేడాలోనే మీ ట్రిప్ అంతా ఉంది. పేరులో పన్నెండు ఉందని వేళ్ల మీద లెక్కపెట్టకండి, పన్నెండు ఎప్పుడూ లేవు. ఉన్నవాటిలో కూడా ఒకటి 2005 జులైలో కుప్పకూలింది. అలలు కింద కోస్తూనే ఉంటాయి.

డ్రైవర్ ఒక్కడే ఉన్నా, అసలు లేకపోయినా టూర్ బస్సు ఎక్కండి. పొద్దున్నే ఎక్కితే రాత్రికి దింపుతారు, పన్నెండు గంటలకు పైగా పడుతుంది. నడిపే బాధ లేదు, కిటికీలోంచి అందరూ చూడొచ్చు. లోపం ఏంటంటే ఒక్కో చోట అరగంట, ముప్పావుగంట ఇచ్చి "ఎక్కండి ఎక్కండి" అంటారు. పైగా తీరం వెంట వచ్చే బస్సులన్నీ మధ్యాహ్నం ఒకేసారి అపోసల్స్ దగ్గరికి చేరతాయి. రెయిలింగ్ దగ్గర సెల్ఫీ స్టిక్కుల మధ్య చోటు వెతుక్కోవాలి. అందుకే బుక్ చేసేటప్పుడు "రివర్స్" టూర్ ఉందేమో చూడండి. అవి ముందు లోపలి హైవేలో పోయి, జనం రాకముందే రాళ్లు చూపించి, తీరం వెంట వెనక్కి వస్తాయి. డబ్బులు దాదాపు అంతే, చూసే సుఖం వేరు.

డబ్బులు బొత్తిగా లేనివాళ్లకు, టైమ్ మాత్రం బాగా ఉన్నవాళ్లకు వీ-లైన్, అంటే విక్టోరియాలో ఊళ్లకు నడిచే ప్రభుత్వ ట్రైన్లు, బస్సులు. సదరన్ క్రాస్ స్టేషన్‌లో ట్రైన్ ఎక్కితే గంటలో జీలాంగ్, స్టేషన్ బయటే అపోలో బేకి పోయే బస్సు. 2023 మార్చి నుంచి విక్టోరియాలో ఊళ్లకు పోయే ట్రైన్లు, బస్సుల చార్జీని మెల్‌బోర్న్ నగర రోజువారీ చార్జీ పరిమితికి దించేశారు. నగరంలో రోజంతా తిరిగేందుకు అయ్యే ఖర్చుతోనే వంద కి.మీ.కు పైగా ఉన్న సముద్రం ఒడ్డు ఊళ్లకు వెళ్లిపోవచ్చు. పోయేటప్పుడు ఎడమ కిటికీ పట్టుకోండి. అపోలో బే దాటి అపోసల్స్ వైపు పోయే బస్సు మాత్రం వారంలో కొన్ని రోజులే ఉంటుంది. టైమ్‌టేబుల్ చూడకుండా వెళ్తే ఆ ఊళ్లోనే చిక్కుకుంటారు. లార్న్ దాకా పోయి, ఒక రోజు బీచ్‌లో కూర్చుని, చిప్స్ తిని రావడానికి అయితే దీన్ని మించింది లేదు.

కారు తీసుకుని ఒక్క రోజులో పోయి వచ్చేస్తాం అనేవాళ్లకు నా జవాబు వద్దనే. పోను రాను 500 కి.మీ. దాటుతుంది, సగం దారి మెలికలే. జూన్‌లో అక్కడ సాయంత్రం ఐదు దాటగానే పొద్దుపోతుంది. ఒక్క రోజే ఉంటే కెన్నెట్ రివర్ దాకా పోయి, యూకలిప్టస్ చెట్ల మీద నిద్రపోయే కోలాలను చూసి, లార్న్‌లో భోంచేసి వెనక్కి తిరగండి. అపోసల్స్ ఇంకోసారి.

ఇద్దరు డ్రైవర్లు, రెండు రోజులు ఉన్నవాళ్లకే అసలు రోడ్ ట్రిప్. ఆ పద్ధతి కాస్త వివరంగా చెప్తాను.

కారు మెల్‌బోర్న్ నడిబొడ్డున తీసుకోకండి. అక్కడ కొన్ని కూడళ్లలో కుడికి తిరగాలంటే ఎడమ లేన్‌లోకి పోయి, కూడలిలో ఆగి, అడ్డంగా ఉన్న రోడ్డుకు సిగ్నల్ పడ్డాక తిరగాలి. ట్రామ్‌లకు దారి వదలడానికి పెట్టిన పద్ధతి. పంజాగుట్టలో పదేళ్లు నడిపినవాళ్లకైనా మొదటిసారి చెమటలు పడతాయి. టోల్ రోడ్లలో డబ్బులు తీసుకునే బూత్‌లు కూడా ఉండవు, బిల్లు తర్వాత అద్దె కంపెనీ ఫీజుతో కలిసి ఇంటికొస్తుంది. ట్రైన్‌లో జీలాంగ్ వెళ్లి కారు అక్కడ తీసుకుంటే ఈ టెన్షన్ అంతా తప్పుతుంది, టార్కీ అక్కణ్నుంచి అరగంట లోపే.

పోయేటప్పుడు తీరం వెంట, వచ్చేటప్పుడు లోపలి హైవేలో. ఈ వరస మార్చకండి. ఎడమవైపు నడిపే దేశంలో పడమరగా పోతే సముద్రం మీ వైపే ఉంటుంది. కారు ఆపుకునే చోట్లు కూడా ఎడమకే వస్తాయి, ఎదురొచ్చే బళ్లను కోసుకుంటూ కుడికి తిరగాల్సిన పని ఉండదు.

లార్న్ నుంచి అపోలో బే వరకు 45 కి.మీ. ఈ రోడ్డుకి ప్రాణం. ఎడమ కిటికీ కిందే నీళ్లు, కుడివైపు నిలువునా కోసిన కొండ, దాని మీంచి రాళ్లు దొర్లకుండా అక్కడక్కడ వలలు. ఒక మలుపు అయ్యీ అవకముందే ఇంకో మలుపు. మీరు 40లో పోతుంటే వెనక ఒక లోకల్ పికప్ ట్రక్ అద్దంలో పెద్దదవుతూ వస్తుంది. హారన్ కొట్టడు, లైటు వేయడు, ఊరికే అంటుకుని వస్తుంటాడు. అప్పుడు కంగారుపడి స్పీడ్ పెంచకూడదు. కాస్త ముందుకు పోగానే నెమ్మదిగా పోయే బళ్లు పక్కకు జరగమనే బోర్డు, చిన్న జాగా కనిపిస్తాయి. ఎడమకు తీసి దారిస్తే వాడు చెయ్యెత్తి వెళ్లిపోతాడు. ఈ గంటసేపూ డ్రైవర్‌కి కనిపించేది తెల్ల గీత ఒక్కటే. పక్కన కూర్చున్నవాళ్లు "అబ్బా, అటు చూడరా" అంటే చూడకూడదు. ఇద్దరు డ్రైవర్లు కావాలని పట్టుబట్టేది ఇందుకే. లార్న్‌లో ఒకసారి, అపోలో బేలో ఒకసారి చేతులు మారితే ఇద్దరూ సముద్రం చూసినట్టవుతుంది. రెండో డ్రైవర్ పేరు అద్దె ఒప్పందంలో రాయించడం మర్చిపోకండి, పేరు లేనివాళ్లు నడిపితే ఇన్సూరెన్స్ వర్తించదు.

అపోలో బే దాటాక రోడ్డు సముద్రాన్ని వదిలి ఆట్వే అడవిలోకి ఎక్కుతుంది. ఇక్కడ ఫోన్ సిగ్నల్ నమ్మకం లేదు. మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. మెయిట్స్ రెస్ట్ దగ్గర అరగంట నడక ఉంది, ఫెర్న్ చెట్లు గొడుగుల్లా కప్పేసి ఉంటాయి. దాన్ని వదలొద్దు.

రాత్రి బస అపోలో బేలోనా, పోర్ట్ క్యాంప్‌బెల్‌లోనా అన్నది ఎప్పుడూ వచ్చే గొడవ. అపోలో బేలో సూపర్‌మార్కెట్ ఉంది, తినడానికి నాలుగు చోట్లు ఉన్నాయి, బస కాస్త చవకగా దొరుకుతుంది. పోర్ట్ క్యాంప్‌బెల్ చిన్న ఊరు, కానీ అపోసల్స్‌కి 12 కి.మీ. దూరమే. నా ఓటు పోర్ట్ క్యాంప్‌బెల్‌కే. టూర్ బస్సులు మధ్యాహ్నం వచ్చి సాయంత్రానికి వెళ్లిపోతాయి. పొద్దుగూకే వేళ, మళ్లీ తెల్లవారి ఆ రాళ్లు దాదాపు మీవే. పొద్దున గిబ్సన్ స్టెప్స్ 86 మెట్లు దిగితే పైనుంచి బొమ్మల్లా కనిపించిన రాతి గోడలు ఎంత ఎత్తో అర్థమవుతుంది. అక్కణ్నుంచి దగ్గర్లోనే లాక్ ఆర్డ్ గార్జ్. 1878లో ఆ పేరుగల ఓడ ఇక్కడ మునిగితే 54 మందిలో ఇద్దరే బతికారు. ఇంకాస్త ముందుకు పోతే లండన్ బ్రిడ్జ్. 1990 జనవరిలో దాని ఒడ్డువైపు కమాను కూలి ఇద్దరు టూరిస్టులు సముద్రం మధ్య రాయి మీద మిగిలిపోయారు, హెలికాప్టర్‌తో దింపాల్సి వచ్చింది. కంచె దాటి ఫోటో దిగుదామని ఎవరైనా అంటే ఈ కథ చెప్పండి.

మధ్యాహ్నం భోజనం చేసి బయల్దేరితే లోపలి హైవేలో చీకటి పడకుండా జీలాంగ్ చేరతారు.

రాత్రి డ్రైవింగ్, తిండి, నీళ్లు

హైదరాబాద్ గ్యాంగులకు ఒక అలవాటుంది. రాత్రి పదకొండుకి బయల్దేరి, సూర్యాపేట దగ్గర టీ తాగి, తెల్లారేసరికి బీచ్‌లో దిగడం. ఆ అలవాటు విమానం ఎక్కించకండి. ఆ రోడ్డు మీద రాత్రంతా తెరిచుండే హోటళ్లు ఉండవు. పొద్దుగూకే వేళ, తెల్లవారుజామున కంగారూలు, వాలబీలు (చిన్న జాతి కంగారూలు) ఒక్క గెంతులో బానెట్ ముందుకొస్తాయి. ఊరి బయట రాత్రిపూట జంతువును గుద్దితే ఇన్సూరెన్స్ వర్తించదని రాసుకునే అద్దె కంపెనీలున్నాయి. మట్టి రోడ్ల సంగతీ అంతే. సంతకం పెట్టేముందు ఆ రెండు లైన్లు వెతికి చదవండి.

తిండికి క్యారవాన్ పార్కుల్లో (బండి ఆపుకుని రాత్రి బస చేసే చోట్లు) వంటగది ఉన్న క్యాబిన్లు మంచివి. నలుగురు పంచుకుంటే మోటల్ కన్నా చవక. మొదటి రోజుకి పులిహోర కట్టుకుంటే మధ్యాహ్నం దాకా ఢోకా లేదు. సముద్రం ఒడ్డు పార్కుల్లో ఉచితంగా వాడుకునే కరెంట్ బార్బెక్యూ పలకలు ఉంటాయి. బటన్ నొక్కితే వేడెక్కుతుంది, మసాలా పట్టించిన పనీరో చికెనో దాని మీద వేసుకోవచ్చు. వాడాక తుడిచి రావాలి.

నీళ్ల విషయంలో మాత్రం సరదా వద్దు. ఎరుపు, పసుపు జెండాల మధ్యే దిగాలి. జెండాలు లేని చోట లైఫ్‌గార్డ్ కూడా లేనట్టే. 2024 జనవరిలో ఫిలిప్ ఐలండ్‌లో కాపలా లేని ఫారెస్ట్ కేవ్స్ బీచ్‌లో భారతీయ మూలాలున్న నలుగురు మునిగి చనిపోయారు. మనలో చాలామందికి స్విమ్మింగ్ పూల్‌లో నాలుగడుగులు తప్ప ఈత రాదు. ఒడ్డున నెమ్మదిగా కనిపించే నీళ్ల కిందే లోపలికి లాగే ప్రవాహం ఉంటుంది. మోకాలి లోతు చాలు.

ఎప్పుడు, ఎంత ఖర్చు

ఖర్చు అనగానే కారు అద్దె, పెట్రోల్ లెక్కేస్తారు. పెట్రోల్ లెక్క తేలికే: కారు మెల్‌బోర్న్‌లోనే తీసుకున్నా, అక్కణ్నుంచి తీరం వెంట పోయి లోపలి దారిలో వస్తే, చిన్న చిన్న పక్కదారులతో కలిపి 550 కి.మీ. అనుకోండి. చిన్న కారు వందకి 7 లీటర్లు తాగితే 39 లీటర్ల లోపు. ఆ రోజు ధరతో గుణించి నాలుగుతో భాగిస్తే ఒక్కొక్కరి వాటా పెద్దగా ఉండదు. అసలు ఖర్చు వదులుకున్న షిఫ్టులు. 2023 జులై నుంచి స్టూడెంట్ వీసా మీద క్లాసులు నడిచే రోజుల్లో రెండు వారాలకు 48 గంటలే పని చేయాలి. ఆ గంటల్లో శని, ఆదివారాలవే ఎక్కువ జీతం. శనివారం ట్రిప్ పెట్టుకుంటే బస ఖరీదెక్కువ, జీతమూ పోతుంది. బ్రేక్‌లో మంగళ, బుధవారాలు చూసుకోండి, రోడ్డు కూడా ఖాళీగా ఉంటుంది.

ఈస్టర్ నాలుగు రోజుల సెలవుల్లో ఆ ఊళ్లలో కనీసం రెండు మూడు రాత్రులు తీసుకుంటేనే రూమ్ ఇస్తామనే చోట్లు ఎక్కువ. ఆ సెలవుల తర్వాతి మామూలు రోజులు మేలు. ఏప్రిల్ మొదటి ఆదివారం గడియారం గంట వెనక్కి జరుగుతుంది, అంతకు ముందు రోజు దాదాపు ఏడింటికి పడే పొద్దు ఆ రోజు నుంచి ఆరింటికే పడుతుంది. మీ రెండో రోజు ప్లాన్‌లో ఆ గంట తీసేసి చూసుకోండి.

ఇక కౌంటర్ దగ్గర. డ్రైవర్ పేరు మీదే క్రెడిట్ కార్డు అడుగుతారు, కొందరు డెబిట్ కార్డు తీసుకుంటారు గానీ బాండ్ (డిపాజిట్) కింద కొన్ని వందల డాలర్లు ఆపేస్తారు. కారు తిరిగిచ్చాక కూడా అవి అకౌంట్‌లోకి రావడానికి కొన్ని రోజులు పడుతుంది. అద్దె కట్టాల్సిన వారంలో ఆ కార్డు వాడితే ఇంటి ఓనర్‌కి సంజాయిషీ చెప్పుకోవాలి. ఎక్సెస్ అనేదాన్ని కూడా అర్థం చేసుకోండి. డ్యామేజ్ అయితే ఆ మొత్తం వరకు మీ జేబులోంచి, ఆపైనే ఇన్సూరెన్స్. తాళం తీసుకోగానే కారు చుట్టూ వీడియో తీయండి: నాలుగు చక్రాల రిమ్ములు, బంపర్ కింది అంచు, ముందు అద్దంలో చిన్న చిన్న చీలికలు, పెట్రోల్ ముల్లు. మా ఫ్రెండ్స్‌లో ఒకమ్మాయికి కారు ఇచ్చేసిన వారానికి రిమ్ మీద గీత అంటూ బిల్లు వచ్చింది. తాళం తీసుకున్న రోజు వీడియోలో అదే గీత ఉంది, పంపగానే బిల్లు రద్దు చేశారు. తిరిగిచ్చేటప్పుడు కూడా అలాగే తీయండి, జీలాంగ్‌లోనే ట్యాంక్ నింపి రసీదు దాచండి, సీట్ల కింద ఇసుక దులపండి. శుభ్రం చేయడానికి కూడా విడిగా వసూలు చేస్తారు.